పులిరాజా అడగని ప్రశ్న

గండిమైసమ్మ చౌరస్తా నుంచి దుండిగల్ వైపు పోయే దారిలో సాయంత్రం ఆరు దాటితే ఎటు చూసినా కుర్రాళ్ళే. ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు, బాయ్స్ హాస్టళ్ళ బోర్డులు, మిర్చీ బండ్లు, పక్క పారిశ్రామిక వాడల్లో షిఫ్ట్ దిగి వచ్చేవాళ్ళు. ఆ దారిలో ఒక టీ కొట్టు దగ్గర నాకు తెలిసిన కుర్రాడొకడు, "అన్నా, ఒకటి అడగాలె. ఎవ్వరికీ చెప్పొద్దు," అన్నాడు. చెప్పనన్నాను. ఇప్పుడు రాస్తున్నది అతని అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి.

ఇరవై ఆరేళ్ళవాడు. ఉద్యోగం ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అడగదలుచుకున్నది అడగడానికి పావుగంట పట్టింది. నాలుగు నెలల కిందట ఒక అమ్మాయితో ఒక రాత్రి గడిపాడు. జరిగింది ఓరల్ సెక్స్ మాత్రమే. తెల్లవారినప్పటి నుంచీ భయం పట్టుకుంది. గొంతు కాస్త గరగరలాడితే హెచ్ఐవీ. నాలుక మీద తెల్లగా కనిపిస్తే హెచ్ఐవీ. రోజూ బాత్రూమ్ తలుపేసుకుని ఫోన్ టార్చి వెలుగులో అద్దంలో గొంతు చూసుకోవడం అలవాటైంది. మూడు చోట్ల మూడుసార్లు రక్తపరీక్ష చేయించుకున్నాడు. ఆఖరిది మూడున్నర నెలలు దాటాక. మూడూ నెగెటివ్.

"అయినా నమ్మకం కుదుర్తలేదన్నా. ఇంకోసారి చేపిచ్చుకోమంటవా?"

వద్దు, అని వెంటనే అనేశాను. తర్వాత ఆలోచిస్తే ఆ 'వద్దు' సగం జవాబే అనిపించింది. మిగతా సగం కోసమే ఈ వ్యాసం.

ముందు తెలిసిన సంగతులు తెలిసినట్టు చెప్పుకోవాలి. లాలాజలం వల్ల హెచ్ఐవీ రాదు. ఓరల్ సెక్స్ వల్ల హెచ్ఐవీ సోకే అవకాశం బాగా తక్కువ, దాదాపు లేనట్టే అని అమెరికా సీడీసీ లాంటి సంస్థలు చెప్తాయి. నోట్లో పుండ్లు, చిగుళ్ళలో రక్తం ఉంటే ఆ కొంచెం ఇంకొంచెం పెరగొచ్చని జోడిస్తాయి. సున్నా అని మాత్రం అనవు. పరీక్షలో బయటపడటానికి వైరస్ సోకాక కొంత వ్యవధి కావాలి. మామూలు యాంటీబాడీ పరీక్షకైనా 90 రోజులు దాటితే నెగెటివ్ అంటే నెగెటివే. ఇతను ఆ గీత దాటాడు. కనుక ఆ ప్రశ్న ముగిసింది.

కానీ మూడుసార్లు హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్న ఈ మనిషి ఒక్కసారి కూడా సిఫిలిస్ పరీక్ష చేయించుకోలేదు. గనేరియా సంగతి తలుచుకోనే లేదు. నోటి ద్వారా వచ్చే అవకాశం హెచ్ఐవీ కంటే వీటికే ఎక్కువ. సిఫిలిస్ పుండు తగిలితే నోటికీ అంటుతుంది. ఆ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. గనేరియా గొంతులో చేరితే చాలామందికి ఏ లక్షణమూ తెలియదు. రెండింటికీ మందుంది. సిఫిలిస్‌కి ఇప్పటికీ పెన్సిలినే మందు. వచ్చే అవకాశం ఉన్నవాటిని, వస్తే నయమయ్యేవాటిని వదిలేసి, రానిదాని కోసం నాలుగోసారి చెయ్యి చాపుతున్నాడు. భయం తన జబ్బుని అవకాశాల లెక్క చూసి ఎంచుకోలేదు. ఏ జబ్బుకి పరువు ఎక్కువగా పోతుందో దాన్ని ఎంచుకుంది.

ఇక్కడ నాకు పులిరాజా గుర్తొచ్చాడు. 2000ల తొలి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళెవరికీ ఆ హోర్డింగులు మరపురావు. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? అంతే. మొదట్లో ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకో తెలియదు. అప్పుడు దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాళ్ళ ప్రచారం అది. బస్టాండ్లలో, కాలేజీల్లో జోకులు పుట్టాయి. ఒక తరానికి ఆ పేరు వెక్కిరింతగా మిగిలిపోయింది. ఆ ప్రచారం చేసిన మేలు తక్కువేమీ కాదు. ఇంట్లో పలకకూడని మాటని రోడ్డు మీద పెద్ద అక్షరాలతో నిలబెట్టింది.

అయితే ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ప్రశ్నలో ఒక మనిషే ఉన్నాడు. వస్తుందా, రాదా అన్నదంతా పులిరాజాకే. అతని వల్ల ఇంకెవరికైనా వస్తుందా అని హోర్డింగు అడగలేదు. ఒక వాక్యంలో అన్నీ పట్టవు, ఆ సంస్థని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మనమూ ఆ వాక్యం దగ్గరే ఆగిపోయామన్నది నా బాధ. నాకు వస్తుందా అన్నది వైద్య ప్రశ్న. దానికి జవాబు ఉంది, తేదీ ఉంది, కాగితం ఉంది. నా వల్ల ఎవరికైనా ఏమైనా అయిందా అన్నది నీతి ప్రశ్న. మొదటిదాన్ని మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉంటే రెండోదాని దాకా పోవాల్సిన పని ఉండదు.

ఆ కుర్రాణ్ణి అడిగాను: "ఆ అమ్మాయి ఎట్లుంది?"

అతనికి అర్థం కాలేదు. "ఆమె ఎసొంటిదో నాకేం తెల్సన్నా. అదే కదా భయం," అన్నాడు.

నేనడిగింది ఎలాంటిదని కాదు, ఎలా ఉందని. ఆ రెండు మాటల మధ్య తేడా అతనికి నాలుగు నెలల్లో ఒక్కసారీ తట్టలేదు. చెడ్డవాడై కాదు. ఇలాంటి జబ్బుల విషయంలో మనకి వచ్చిన భాషే అలాంటిది. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు తన వైద్యగ్రంథంలో సిఫిలిస్‌ని ఫిరంగ రోగం అన్నాడు, అంటే పరదేశి తెచ్చిన రోగం. అదే కాలంలో ఇటలీ వాళ్ళు దాన్ని ఫ్రెంచి జబ్బు అంటే, ఫ్రెంచివాళ్ళు నేపుల్స్ జబ్బు అన్నారు. రష్యావాళ్ళు పోలెండ్ మీదికి తోశారు. ఎవరికి వాళ్ళకి జబ్బు పక్కింటి నుంచి వచ్చినదే. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో అంటువ్యాధుల చట్టం తెచ్చి వేశ్యలను నమోదు చేసి, బలవంతంగా పరీక్షించి, జబ్బుందంటే లాక్ హాస్పిటళ్ళలో బంధించింది. ఆ చట్టం కాపాడదలుచుకున్నది సైనికులని. జబ్బు ఇద్దరి మధ్యా తిరుగుతున్నా పట్టుకున్నది ఒకరినే. 1888లో చట్టం రద్దయింది. ఆ చూపు మాత్రం రద్దు కాలేదు. టీ కొట్టు దగ్గర "ఆమె ఎసొంటిదో" అన్న మాటలో అదే ఉంది.

మాటల్లో మాటగా అతనే ఇంకో సంగతి చెప్పాడు. చిన్నప్పటి నుంచీ జ్వరం వచ్చి తగ్గినప్పుడల్లా అతనికి పెదవి అంచున నీటిపొక్కులు లేస్తాయి. ఆ వారం కూడా లేచాయట. ఇదేమైనా హెచ్ఐవీ లక్షణమా అని అడగడానికి చెప్పాడు. అవి చాలావరకు హెర్పిస్ పొక్కులు. ప్రపంచంలో 50 ఏళ్ళ లోపు వాళ్ళలో సుమారు మూడింట రెండు వంతుల మందికి ఆ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎక్కువమందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ళ ముద్దుల ద్వారానే వస్తుంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. ప్రమాదకరం కాదు, భయపడాల్సింది లేదు. కానీ పొక్కులున్న నోటితో ఓరల్ సెక్స్ చేస్తే ఆ వైరస్ అవతలివాళ్ళ జననాంగాలకి అంటుకోవచ్చు.

అంటే ఆ రాత్రి ఆ గదిలో ఎవరి నుంచి ఎవరికైనా ఏదైనా వెళ్ళి ఉంటే, అతని నుంచి ఆమెకి వెళ్ళి ఉండే అవకాశమే ఎక్కువ. నాలుగు నెలలుగా అద్దంలో చూసుకుంటున్న నోరు, తనకి వచ్చినదేమిటో వెతికినదే తప్ప తాను ఇచ్చినదేమిటో అడగలేదు.

ఆ సంగతి చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది.

ఆ వైరస్ గురించి మరో మాట చెప్పుకోవాలి. అది అమ్మమ్మ ముద్దు నుంచి పెదవికి వస్తే దానికి పేరు కూడా పెట్టం. 'జ్వరం తగ్గింది, పొక్కు లేచింది' అంటాం. అదే వైరస్ ఇంకోచోట లేస్తే సుఖవ్యాధి అంటాం. తెలుగులో ఈ మాట ఎప్పుడు స్థిరపడిందో గానీ, ఎంత తీర్పు ఉంది అందులో! సుఖపడ్డావు కనుక వ్యాధి, లెక్క సరిపోయింది. జలుబుకి కారణం చూసి పేరు పెట్టని వాళ్ళం దీనికి మాత్రం నేరం చూసి పేరు పెట్టాం. వైరస్‌కి ఏది ముద్దో ఏది తప్పో తెలియదు. దానికి కావలసింది చర్మం. ఒకే క్రిమి ఒక దారిన వస్తే మామూలు, ఇంకో దారిన వస్తే మచ్చ అయినప్పుడు, ఆ మచ్చ క్రిమి వేసింది కాదు, మనం వేసింది.

ఆ మచ్చకి భయపడి జనం నోరు విప్పరు. నోరు విప్పకపోతే వైద్యం కూడా దారి తప్పుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో చాలాకాలంగా నడుస్తున్నది లక్షణాలను బట్టి మందులిచ్చే పద్ధతి. ఫలానా బాధకి ఫలానా రంగు కిట్టు. ల్యాబులు అందుబాటులో లేనిచోట ఎంతోమందిని కాపాడిన పద్ధతి అది. కానీ గొంతులో లక్షణం లేకుండా కూర్చున్న గనేరియా దానికి దొరకదు. మూత్ర పరీక్షలోనూ కనిపించదు. గొంతు నుంచి నమూనా తీసి చూడాలి. నోటితో, అన్న ఒక్క మాట రోగి చెప్తే తప్ప డాక్టర్ గొంతు చూడడు. సిగ్గుపడి ఆ మాట మింగేస్తే, ఎంత భయపడ్డా ఎన్ని పరీక్షలు చేయించుకున్నా చూడాల్సిన చోటు చూడకుండానే ఇంటికి వస్తాం. గుప్త రోగాలకి శాశ్వత చికిత్స అని గోడల మీద రాసి, నెలకోసారి లాడ్జిలో దిగే వైద్యుల వ్యాపారం నడిచేది ఈ సిగ్గు మీదే.

దీనికి పెద్దలు ఒక అభ్యంతరం చెప్తారు, అది కొట్టిపారేయాల్సింది కాదు. ఆ మాత్రం భయం ఉంటేనే కదా మనుషులు అదుపులో ఉండేది, భయం తీసేస్తే మిగిలేదేమిటి, అని. నిజమే, భయం పనిచేస్తుంది. భయపడి కండోమ్ వాడినవాళ్ళున్నారు, ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ భయంతో వచ్చిన నీతికి ఆయుష్షు రిపోర్టు వచ్చేదాకానే. నెగెటివ్ అని చూడగానే, బతికిపోయాను అన్న మాటతో అది అయిపోతుంది. ఎవరినైనా బాధపెట్టానా అన్న విచారణ జరగకుండానే విడుదల. లేదా ఈ కుర్రాడిలాగా విడుదల కాగితం చేతికిచ్చినా జైలు గేటు దాటలేకపోవడం. ఈ రెంటికీ మూలం ఒకటే. రక్తాన్ని అడగకూడని ప్రశ్న అడుగుతున్నాం. హెచ్ఐవీ ఉందా అంటే రక్తం చెప్తుంది. నేను మంచివాణ్ణేనా అంటే చెప్పదు. అందుకే మూడు నెగెటివ్‌లు వచ్చినా నమ్మకం కుదరలేదు.

మరి అతని అపరాధభావం ఉత్త భ్రమేనా? నేనలా అనుకోను. మాట్లాడగా మాట్లాడగా తేలిందేమిటంటే, మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి నంబర్ బ్లాక్ చేశాడు. ఆమె తప్పేమీ లేదు. భయమేసింది, అంతే. ఆమె రెండుసార్లు వేరే నంబర్ నుంచి చేసింది, ఎత్తలేదు. తప్పంటూ ఉంటే అక్కడుంది. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి గడిపిన రాత్రిలో కాదు. బాకీ ఒకరికి ఉంటే ఇంకొకరికి కడుతున్నట్టు, ఆమెకి ఇవ్వాల్సిన జవాబుని ల్యాబుల్లో రక్తంగా కడుతున్నాడు. ఎంత కట్టినా బాకీ తీరకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఇక అతని రెండో ప్రశ్న. పెళ్ళిచూపుల్లో కుదిరిన అమ్మాయికి ఇదంతా చెప్పాలా?

దీని మీద మన దేశంలో సుప్రీంకోర్టు దాకా పోయిన కేసుంది. మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్. ఇంకొకరి కోసం రక్తం ఇవ్వబోతే హెచ్ఐవీ ఉందని తేలింది, ఆసుపత్రి నుంచి ఆ సంగతి బయటికి పోయింది, కుదిరిన పెళ్ళి ఆగిపోయింది, నలుగురిలో తలెత్తుకోలేక ఊరు వదలాల్సి వచ్చింది. ఆయన కోర్టుకి వెళ్తే 1998లో సుప్రీంకోర్టు, పెళ్ళాడబోయే అమ్మాయి ప్రాణం కాపాడటం ముఖ్యం కనుక చెప్పడంలో తప్పులేదంది. అక్కడితో ఆగకుండా ఇలాంటివాళ్ళకి పెళ్ళి హక్కే నిలిచిపోతుందని కూడా అంది. 2002లో పెద్ద బెంచి ఆ పెళ్ళి హక్కు వ్యాఖ్యలు ఆ కేసుకి అక్కర్లేనివని పక్కన పెట్టింది. తర్వాత 2017లో హెచ్ఐవీ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. సమ్మతి లేకుండా ఎవరికీ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. అదే సమయంలో తనకి హెచ్ఐవీ ఉందని తెలిసిన మనిషి ఇంకొకరికి సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. ఇప్పుడు మందులు సక్రమంగా వాడి వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే, శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదని కూడా రుజువైంది. 1998లో కోర్టు ముందున్న ప్రపంచం అది కాదు. తెలిసింది మారితే బాధ్యత రూపం కూడా మారుతుంది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నది ఇదీ. అవతలి మనిషి శరీరానికి తగిలేది ఏదైనా ఆ మనిషికి తెలియాలి. దాని మీద మన పరువుకి హక్కు లేదు. పొక్కులున్నాయి, ఈ వారం వద్దు, అనడం కూడా అందులోకే వస్తుంది. గతమంతా విప్పి చెప్పడం వేరు. అది ఇష్టం, నమ్మకం కుదిరిన కొద్దీ జరిగే పని. అడిగితే అబద్ధమాడకూడదు. కానీ మన గుండె బరువు దించుకోవడానికి కొత్తగా వచ్చిన మనిషి నెత్తిన పెట్టడం నిజాయితీ అనిపించుకోదు. మూడు ల్యాబులు తీర్చలేని బాకీని నాలుగో చోటుగా భార్య దగ్గర తీర్చుకోవాలనుకోవడమే అది. జాతకాలు మార్చుకునే ఇళ్ళలో, ఇద్దరి ఇష్టంతో ఇద్దరూ పరీక్షలు చేయించుకుని కాగితాలు మార్చుకుంటే అంతకన్నా మంచిది లేదు. ఒక్కరే చేయించుకుంటే అది అనుమానం. ఇద్దరూ చేయించుకుంటే మర్యాద.

అతనికి నేను చివరికి చెప్పినవి మామూలు మాటలే. నాలుగో హెచ్ఐవీ పరీక్ష వద్దు, మొదటి సిఫిలిస్ పరీక్ష చేయించుకో. డాక్టర్ దగ్గర నోటి సంగతి దాచకు. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, ఎవరికీ చెప్పరు. అడగాలంటే 1097కి ఫోన్ చెయ్. అప్పటికీ అద్దం ముందు నుంచి కదలలేకపోతే జబ్బు గొంతులో లేదు, భయంలో ఉంది. దానికీ వైద్యముంది, టెలీ మానస్ నంబర్ 14416. అందులో సిగ్గేం లేదు. చివరిది చెప్పడానికి నాకే కాస్త ఇబ్బందైంది. ఆ నంబర్ అన్‌బ్లాక్ చెయ్.

"ఏమని చెప్పాలన్నా?"

"పొక్కుల సంగతి చెప్పు. ఫోన్ ఎత్తనందుకు తప్పైందని చెప్పు. ఎట్లున్నవని అడుగు."

మూడు వారాల తర్వాత కనిపించాడు. సిఫిలిస్ పరీక్ష చేయించుకున్నాడట, నెగెటివ్. ఆమెకి మెసేజ్ పెట్టాడట. రెండు రోజులకి జవాబొచ్చిందట. ఏమన్నదో చెప్పలేదు, నేను అడగలేదు. ఆమెకి ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో, ఆమె కూడా ఏ ల్యాబు ముందు కూర్చుందో నాకు తెలియదు. ఈ వ్యాసంలో కూడా ఆమె మాట లేదు. ఆ లోటు నాది. ఇన్ని సంగతులు చెప్పిన నేను ఆ సాయంత్రం మొదట ఓదార్చింది అతన్నే, ఆమె గుర్తొచ్చింది తర్వాతే.